నర్సింగ్ సూపరింటెండెంట్ పదోన్నతి: దరఖాస్తు ఎక్కడ, ఎలా?

"సూపరింటెండెంట్ పోస్టుకు ఫారం ఎక్కడ దొరుకుతుందండీ?" అని కోనసీమ సిస్టర్లు నన్ను తరచూ అడుగుతుంటారు. ఎక్కడా దొరకదు. ప్రభుత్వ ఆసుపత్రుల్లో స్టాఫ్ నర్సు హెడ్ నర్సు కావాలన్నా, ఆపైన గ్రేడ్ 2, గ్రేడ్ 1 నర్సింగ్ సూపరింటెండెంట్ కావాలన్నా చూసేది సీనియారిటీ జాబితానే. అందులో తప్పు దొర్లితే ఇచ్చే అభ్యంతర పత్రమే మీరు రాయవలసిన దరఖాస్తు.

జాబితా జోన్ మొత్తానిది. 1975 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ఉమ్మడి తూర్పు, పశ్చిమ గోదావరి, కృష్ణా జిల్లాలను రెండో జోన్‌గా కలిపింది. అమలాపురం సిస్టరు పేరు పక్కన మచిలీపట్నం సిస్టరు పేరు కనిపించేది అందుకే.

ముందుగా తాత్కాలిక జాబితా వస్తుంది, అభ్యంతరాలకు గడువు ఇస్తారు. తగాదాలన్నీ ఇక్కడే. నేరుగా ఎంపికైనవారికి ఎంపిక జాబితాలోని ర్యాంకే ప్రధానం. "ఆవిడ కంటే నేను నాలుగు రోజులు ముందు చేరాను" అన్న వాదన ఒకే బ్యాచిలో నిలవదు.

పత్రం ఒక పేజీ దాటనివ్వకండి. నియామక అధికారి పేరిట, మీ ఆసుపత్రి సూపరింటెండెంట్ ద్వారా పంపాలి. జాబితా తేదీ, మీ వరుస సంఖ్య, అందులో ఏముంది, ఏముండాలి, దానికి ఆధారమేమిటి: ఇంతే. కష్టాలు ఏకరువు పెట్టవద్దు. నియామక ఉత్తర్వు, ఎంపిక జాబితా, సర్వీసు రిజిస్టరు (మీ ఉద్యోగ వివరాలు ఎక్కించే పుస్తకం) పేజీల నకళ్లు జతచేయండి. నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ గడువు తీరిందేమో కూడా చూసుకోండి. రెండో ప్రతి మీద ఇన్‌వర్డ్ నంబరు (పత్రం అందినట్లు కార్యాలయం వేసే సంఖ్య), ముద్ర వేయించుకోండి. ఫోటో తీసి వాట్సాప్‌లో పంపితే అది దరఖాస్తు కాదు.

సర్వీసు రిజిస్టరును ఏడాదికోసారైనా తెరిచి చూడండి. నా ప్రొబేషన్ పూర్తయినట్లు ఉత్తర్వు వచ్చినా అందులో ఎక్కించలేదు. బదిలీ అయ్యాక గాని ఆ సంగతి బయటపడలేదు. ఒక్క వాక్యం రాయించుకోవడానికి పంటు (రేవు దాటించే పెద్ద పడవ) మీద గోదావరి దాటి పాత ఆసుపత్రికి మూడుసార్లు తిరిగాను.

పదోన్నతి ప్యానెల్ (పదోన్నతికి ఎంపికైనవారి జాబితా) సంవత్సరం సెప్టెంబర్ 1న మొదలవుతుంది. మనకు వరదలు వచ్చేదీ దానికి ముందు జులై, ఆగస్టుల్లోనే. లంక గ్రామాల శిబిరానికి పడవ ఎక్కేముందు, జాబితా ఏదైనా వస్తే కబురు చేయమని తోటి సిస్టరుకు చెప్పి వెళ్లండి.

అభ్యంతరాలు తేలాక ఖాళీలు, రిజర్వేషన్ రోస్టరు, రహస్య నివేదికలు, పెండింగు అభియోగాలు చూసి పేర్లు ఖరారు చేస్తారు. ఆ దశలో మీ చేతిలో ఏమీ ఉండదు.

ఉత్తర్వు అందాక మాత్రం తాత్సారం కూడదు. 15 రోజుల్లో చేరకపోతే ఆ ప్యానెల్ సంవత్సరానికి హక్కు పోతుంది. పిల్లల బడి, అత్తగారి ఆరోగ్యం లాంటివి ఇంట్లో ముందే మాట్లాడుకోండి. చేరిన రోజున ఇచ్చే నివేదిక నకలు మీదా ఇన్‌వర్డ్ నంబరు వేయించుకోవడం మరువకండి.