పీహెచ్ లెక్క మొదలుపెట్టే ముందు

ఆమ్లం బలమైనదా (నీటిలో పూర్తిగా అయాన్లుగా విడిపోయేదా), బలహీనమైనదా (కొంతే విడిపోయేదా) ముందు తేల్చుకోండి. ఎక్కువమందికి మార్కులు పోయేది ఇక్కడే. పీహెచ్ అంటే హైడ్రోజన్ అయాన్ల గాఢతకు మైనస్ లాగ్. హైడ్రోక్లోరిక్ బలమైన ఆమ్లం, కాబట్టి 0.1 మోలార్ (లీటరుకు 0.1 మోల్) ద్రావణం పీహెచ్ 1. అంతే గాఢత ఉన్న ఎసిటిక్ ఆమ్లం బలహీనమైనది, దాని కేఏ (ఎంతమేర విడిపోతుందో చెప్పే స్థిరాంకం) 1.8 × 10⁻⁵. ఆ కేఏను గాఢతతో గుణించి వర్గమూలం తీస్తే హైడ్రోజన్ అయాన్ల గాఢత 1.34 × 10⁻³, అంటే పీహెచ్ 2.87.

ఈ దగ్గరిదారి వాడాక అయనీకరణం (ఆమ్లంలో అయాన్లుగా విడిపోయిన వాటా) 5 శాతం లోపే ఉందా చూడండి. ఇక్కడ 1.3 శాతమే. దాటితే బద్ధకించకుండా వర్గ సమీకరణం సాధించాల్సిందే.

ఇచ్చింది కేఏనా, పీకేఏనా (కేఏకు మైనస్ లాగ్)? మిల్లీలీటర్లను లీటర్లలోకి మార్చారా?

కాలిక్యులేటర్‌లో ఎల్‌ఎన్ కాదు, లాగ్ బటన్ నొక్కాలి.

10⁻⁸ మోలార్ హైడ్రోక్లోరిక్ ఆమ్లానికి పీహెచ్ 8, అంటే క్షారమని వచ్చిందా? టెన్షన్ వద్దు, కానీ అలాగే రాసేయకండి. ఎంత పలచన చేసినా ఆమ్లం క్షారమైపోదు. నీటి నుంచి వచ్చే అయాన్లనూ లెక్కలోకి తీసుకుంటే 25 డిగ్రీల సెల్సియస్ దగ్గర 6.98 వస్తుంది.