కంప్యూటర్ కొనేముందు కాగితం తీసుకోండి

అనంతపురం టవర్ క్లాక్ దగ్గర్లో నాకు చిన్న డీటీపీ షాపు ఉంది. పెళ్లి కార్డులు, ఫ్లెక్సీ డిజైన్లు, పిల్లల ప్రాజెక్టు రిపోర్టులు, ఆన్‌లైన్ అప్లికేషన్లు... పొద్దున షట్టర్ ఎత్తింది మొదలు రాత్రి దించేదాకా కంప్యూటర్‌తోనే పని. అందుకే తెలిసినవాళ్లు ఎవరు డెస్క్‌టాప్ కంప్యూటర్ కొనాలన్నా "అక్కా, ఏది తీసుకోమంటావు?" అని నా దగ్గరికొస్తారు. ముందు ఒక తెల్లకాగితం ఇచ్చి, రోజూ దాని మీద ఏం చేస్తారో రాయమంటాను. బడ్జెట్ సంగతి తర్వాత.

ట్యాలీ, ఎక్సెల్, బ్రౌజర్ అని రాస్తే ఇంటెల్ ప్రాసెసర్లలో (కంప్యూటర్‌కి మెదడు లాంటిది) ఐ3 చాలు, ర్యామ్ (తెరిచిన పనులను పట్టి ఉంచే మెమరీ) 8 జీబీ చాలు. నాలాగా కోరల్‌డ్రా, ఫోటోషాప్ రెండూ తెరిచి పెట్టుకునేవాళ్లకు, ఇంజినీరింగ్‌లో సీఎస్ఈ చదివే పిల్లలకు ఐ5, 16 జీబీ కావాలి. వీడియో ఎడిటింగ్, త్రీడీ, పెద్ద గేములు అని రాసినవాళ్లకే విడిగా గ్రాఫిక్స్ కార్డు (తెర మీద బొమ్మను తయారుచేసే భాగం). మిగతావాళ్లు దాని మీద పెట్టే డబ్బు మంచి మానిటర్ మీద పెట్టుకోవచ్చు.

కొన్నేళ్ల కిందట షాపుకి రెండో సిస్టమ్ కావాల్సి వచ్చింది. ఒకచోట క్యాబినెట్ మీద ఐ7 స్టిక్కర్ చూసి, తక్కువలో వస్తోందని సెకండ్ హ్యాండ్‌ది తెచ్చేశాను. పొద్దున్నే ఆన్ చేసి షాపు ఊడ్చి, ముందర నీళ్లు చల్లి వచ్చినా విండోస్ తెరుచుకునేది కాదు. పెళ్లివాళ్లు ఎదురుగా కూర్చుని ఉంటే ఫ్లెక్సీ ఫైలు హ్యాంగ్ అయిపోయేది. ఆ టెన్షన్ నాకింకా గుర్తే. మెకానిక్‌కి చూపిస్తే అది ఐ7-3770, 2012 నాటి మూడో తరం ప్రాసెసర్. లోపల పాత హార్డ్ డిస్క్, 4 జీబీ ర్యామ్.

కాబట్టి స్టిక్కర్ చూడకండి, నంబర్ చూడండి. ఐ5-12400 అంటే మొదటి రెండంకెలు 12, అంటే పన్నెండో తరం. నాలుగంకెలే ఉంటే, 3770లా, మొదటి అంకే తరం. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్టు 2025 అక్టోబర్ 14తో అయిపోయింది. ఇప్పుడు కావాల్సిన విండోస్ 11కి ఇంటెల్‌లో ఎనిమిదో తరం నుంచే అధికారికంగా అనుమతి. అంతకన్నా పాతది ఎంత తక్కువకిచ్చినా తీసుకోకండి. నంబర్ చివర ఎఫ్ అక్షరం ఉందేమో కూడా చూడండి. 12400ఎఫ్ లాంటి దాంట్లో గ్రాఫిక్స్ ఉండదు, విడిగా కార్డు పెడితే తప్ప మానిటర్‌లో బొమ్మ రాదు.

షాపులో సిస్టమ్ ఆన్ చేయించి కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కండి. టాస్క్ మేనేజర్ వస్తుంది. అందులో పెర్ఫార్మెన్స్ నొక్కితే ప్రాసెసర్ పూర్తి పేరు, ర్యామ్ ఎంత, డిస్క్ ఎస్ఎస్‌డీనా (పాత హార్డ్ డిస్క్ కన్నా చాలా వేగంగా పనిచేసేది) కాదా అన్నీ కనబడతాయి. ర్యామ్ దగ్గర రెండు స్లాట్లలో ఒకటే వాడారని ఉంటే మంచిది, రేపు ఇంకొకటి వేసుకోవచ్చు. విండోస్ ఉండేది ఎస్ఎస్‌డీ మీదే కావాలి, ఇందులో మాత్రం రాజీపడొద్దు. నా పాత ఐ7కి ఎస్ఎస్‌డీ ఒక్కటి మార్చాక అది ఇంకో రెండేళ్లు బిల్లింగ్‌కి పనికొచ్చింది.

ఇక మన ఊరి ఎండ, దుమ్ము, కరెంటు. వీటి గురించి షాపువాళ్లు చెప్పరు. మే నెలలో 40 డిగ్రీలు దాటడం మనకు మామూలే, నా షాపుకి రేకుల కప్పు కూడా. ఒకసారి సిస్టమ్ దానంతటదే ఆగిపోతోందని క్యాబినెట్ పక్క రేకు విప్పితే, ప్రాసెసర్ వేడిని లాగే హీట్‌సింక్ రెక్కల మధ్య ఎర్రటి దుమ్ము దూది పరిచినట్టు పేరుకుని ఉంది, గాలి వెళ్లే సందే లేదు. అందుకే ముందువైపు జాలీ ఉండి, కడుక్కోవడానికి వీలుగా ఊడివచ్చే ఫిల్టర్ ఉన్న క్యాబినెట్ అడగండి. నేల మీద కాకుండా ఒక అడుగు ఎత్తులో పెట్టండి. దుమ్ము పోవడానికి బ్లోయర్ కొట్టేటప్పుడు ప్లగ్ తీసేసి, ఫ్యాన్ తిరగకుండా వేలితో పట్టుకోండి.

పవర్ సప్లై పేరులేనిది వద్దు, 80 ప్లస్ గుర్తు (కరెంటు వృథా తక్కువని చెప్పేది) ఉన్నది వేయించండి. పేరులేనిది పోతూ పోతూ మదర్‌బోర్డును (భాగాలన్నీ అమర్చే ప్రధాన బోర్డు) కూడా తీసుకుపోగలదు. గ్రాఫిక్స్ కార్డు లేని సిస్టమ్‌కి 600 వీఏ యూపీఎస్ సరిపోతుంది, ఫైలు సేవ్ చేసి ఆపుకునేంత టైమ్ ఇస్తుంది. లేజర్ ప్రింటర్‌ని మాత్రం దానికి తగిలించకండి, వేడెక్కేటప్పుడు ఒక్కసారిగా లాగే కరెంటుకి యూపీఎస్ తట్టుకోలేదు. క్యాబినెట్ ముట్టుకుంటే చెయ్యి జివ్వుమంటే ఎర్తింగ్ సరిగా లేనట్టు, ముందు ఎలక్ట్రీషియన్‌ని పిలవండి.

మానిటర్ 22 అంగుళాలు, ఫుల్ హెచ్‌డీ, ఐపీఎస్ (పక్క నుంచి చూసినా రంగులు పెద్దగా మారని తెర) ఉంటే చాలామందికి చాలు.

డబ్బు కట్టేముందు జీఎస్టీ బిల్లులో ర్యామ్, ఎస్ఎస్‌డీ, మదర్‌బోర్డు, ఒక్కోదాని సీరియల్ నంబర్ రాయించుకోండి. వారంటీ ఒక్కో భాగానికి వేరేగా ఉంటుంది, నంబర్ లేకపోతే అడగడానికి ఆధారం ఉండదు. బిల్లు అక్షరాలు ఏడాది తిరిగేసరికి వెలిసిపోవచ్చు, ఆ రోజే ఫోన్‌లో ఫోటో తీసి పెట్టుకోండి.