పాత కుందేలు కొత్తదాన్ని దగ్గరికి రానివ్వడం లేదా?

మా పాత కుందేలు బుడ్డికి తోడుగా ఉంటాయని నల్లగొండలో రెండు కుందేలు పిల్లలను కొని, ఆ సాయంత్రమే దాని బోనులో వదిలాను. నిమిషం గడవకముందే ఒక పిల్ల చెవి అంచు చిరిగి రక్తం కారింది. గోనెపట్టా మీద తెల్లటి వెంట్రుకలు కుచ్చులు కుచ్చులుగా రాలాయి. తప్పంతా నాదే. మీ ఇంట్లో అలా జరగకూడదని ఇది రాస్తున్నాను.

కొత్తది కనిపించగానే మీదపడి కరుస్తోంది

గొడవంతా చోటు కోసమే. కుందేలు గడ్డం కింద ఉండే గ్రంథి వాసనను బోను అంచులకు, నీళ్ల గిన్నెకు, గోడ మూలలకు రుద్ది అదంతా తనదని గుర్తు పెట్టుకుంటుంది. ఆడ కుందేలుకు ఈ పట్టింపు మరీ ఎక్కువ. అందుకే జత కట్టించేవాళ్లు ఆడదాన్నే మగదాని బోనుకు తీసుకెళ్తారు.

కొత్తవాటిని ముందు కనీసం రెండు వారాలు వేరే గదిలో ఉంచండి. తర్వాత బోనులను జానెడు ఎడంలో పక్కపక్కన పెట్టండి. జాలీలు ఆనుకుంటే ముక్కులు కొరుక్కుంటాయి. కింద పరిచిన గోనెపట్టాలను రోజూ మార్చండి, దీనిది దానికి, దానిది దీనికి. మేత ఒకే వేళకు, రెండింటికీ జాలీ దగ్గరే వేయండి. పాతది జాలీ పక్కనే కాళ్లు చాపుకొని నిశ్చింతగా పడుకునే రోజు వస్తుంది. అప్పటిదాకా కలపవద్దు.

కలిపే చోటు రెండింటికీ కొత్తదై ఉండాలి. మాకు మేడమీది స్నానాలగది పనికొచ్చింది. నున్నటి బండల మీద కాళ్లు జారకుండా పాత జంపఖానా పరిచి, మధ్యలో పచ్చిగడ్డి కుప్ప పోసి, బుడ్డిని, ఒక పిల్లను మొదటిరోజు పది నిమిషాలే వదిలాను. చెవులు వెనక్కి వాల్చి తోక నిక్కబొడిచిందంటే దూకబోతోందని అర్థం. ఒకదాని చుట్టూ ఒకటి గిరగిరా తిరుగుతున్నా వెంటనే విడదీయాలి. వట్టి చేయి పెడితే పళ్లు లోతుగా దిగుతాయి, చాట అడ్డం పెట్టండి. రోజుకు కాస్త చొప్పున సమయం పెంచండి. కొన్నింటికి వారం చాలు, కొన్నింటికి నెలలు పడుతుంది. పదిహేడో రోజున బుడ్డి తల బాగా వంచి చిన్నదాని ముక్కు కిందికి తెచ్చింది. చిన్నది కాసేపు కదలకుండా ఉండి, మెల్లగా దాని నుదురు నాకింది. ఆ రోజు నాకు అన్నం కూడా గుర్తు రాలేదు.

రెండూ ఆడవే అన్నారు, అయినా ఒకటి ఇంకొకదాని మీదికి ఎక్కుతోంది

పెత్తనం చూపడానికి ఆడవి కూడా ఎక్కుతాయి. కొద్ది క్షణాల్లో దిగిపోతే వదిలేయండి, కిందిది బెదిరిపోతుంటే విడదీయండి. అయితే అమ్మినవాళ్ల మాట మీద మాత్రం ఉండకండి. పసిపిల్లల్లో ఆడ, మగ పోల్చుకోవడం కష్టం, పశువైద్యుడితో చూపించండి. మగది మూడున్నర, నాలుగు నెలలకే జతకు వస్తుంది. చూలు 30 నుంచి 32 రోజులు. ఆడది ఈనిన రోజే మళ్లీ చూలు కట్టగలదు కాబట్టి మగదాన్ని ముందే వేరు చేయాలి. మగదానికి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించినా నాలుగు నుంచి ఆరు వారాలు దూరంగానే ఉంచాలి.

బోను నిండా వెంట్రుకలు

ఎక్కడివో చూడండి. వీపువైతే రాత్రి పోట్లాడుకున్నాయి, కలపడం వారం ఆపి మళ్లీ మొదటినుంచి రండి. తన పొట్ట, మెడ కింది బొచ్చు తానే పీకి గడ్డితో కలిపి గూడు కడుతుంటే చూలు, లేదా ఉత్తుత్తి చూలు. ఉత్తుత్తిది 16 నుంచి 18 రోజుల్లో తగ్గిపోతుంది. ఆ రోజుల్లో ఎవరినీ దానితో కలపవద్దు.

చెవులు, ముక్కు మీద పొట్టు లేచి గోక్కుంటోంది

కొత్తదానితో గజ్జి వచ్చింది. రెండు వారాల ఎడం ఇందుకు కూడా. పశువైద్యుడు బరువు చూసి ఐవర్‌మెక్టిన్ ఇస్తారు. కుక్కల పిడుదులకు వాడే ఫిప్రోనిల్ మందు కుందేలు ప్రాణం తీస్తుంది, చుక్క కూడా వేయవద్దు.

కొత్తది మేత ముట్టడం లేదు

భయంతో పేగుల కదలిక మందగిస్తుంది. పెంటికలు చిన్నవై, ఆగిపోతాయి. పన్నెండు గంటలు తినకపోతే తెల్లవారేదాకా చూద్దామనుకోకండి, వెంటనే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. ఇంట్లో ఉన్న అమాక్సిసిలిన్ అనే యాంటీబయాటిక్ మందు పొరపాటున కూడా తాగించవద్దు.

నోరు తెరిచి రొప్పుతోంది

వడదెబ్బ. కుందేలుకు చెమట పట్టదు, ఒంటి వేడి ఎక్కువగా చెవుల గుండానే పోవాలి. 30 డిగ్రీలు దాటితే చాలు, ప్రమాదమే; మన దగ్గర మే నెలలో 40 దాటుతుంది. పోట్లాట, పరుగులు తోడైతే తట్టుకోలేదు. చెవులను చల్లటి నీళ్లతో తడపండి, ఐసు నీళ్లలో ముంచవద్దు, డాక్టరుకు చూపించండి. కలిపే పని కార్తీకం నుంచి శివరాత్రి లోపు పెట్టుకోవడం మేలు.

చేలల్లో దొరికే చెవులపిల్లిని తోడుగా తేవచ్చా అని కొందరు అడుగుతారు. అది వేరే జాతి, పెంపుడు కుందేలుతో జతకట్టదు. పైగా 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం పట్టడం నేరం.

ఎంత ఓపిక పట్టినా కొన్ని జతలు కలవవు. మా రెండో పిల్లను బుడ్డి ఇప్పటికీ ఒప్పుకోలేదు. దాని బోను పక్కనే ఉంటుంది, రాత్రిళ్లు రెండూ జాలీల వైపు ఒరిగి, జానెడు ఎడంలో పడుకుంటాయి.