ఆటోక్లేవ్ ముల్లు 15 చూపిస్తున్నా సామాను స్టెరైల్ అవ్వట్లేదా? సమస్య - పరిష్కారం

ఒడిశాలో రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి, అటు జైపూర్, కోరాపుట్ దాకా చిన్న నర్సింగ్ హోములకీ డెంటల్ క్లినిక్కులకీ ఆటోక్లేవులు, అంటే ఆవిరి ఒత్తిడితో సామాను మీది క్రిముల్ని చంపే మిషన్లు, బాగుచేస్తూ తిరుగుతుంటాను. ఫోన్లో అందరూ "మిషన్ పోయింది" అనే అంటారు గాని వెళ్లి చూస్తే చాలాసార్లు మిషన్ బాగానే ఉంటుంది, నింపే పద్ధతిలోనో ఆవిరి వదిలే పద్ధతిలోనో తేడా ఉంటుంది. ఇక్కడ రాసేది మామూలు నిలువు డబ్బా టైపు గురించి, పెద్దాసుపత్రుల్లో వాక్యూమ్ మిషన్ల లెక్క వేరు.

ముల్లు 15కి వచ్చింది, 20 నిమిషాలు ఉంచాం, టేపు నల్లబడింది, కానీ లోపలి స్ట్రిప్ మారలేదు

టేపు అంటే కట్ట బయట అంటించేది, వేడికి దాని గీతలు నల్లబడతాయి. స్ట్రిప్ అంటే కట్ట లోపల పెట్టే పట్టీ, ఆవిరి అక్కడిదాకా సరిగ్గా చేరిందో లేదో దాని రంగు చెప్తుంది. అన్నిటికంటే ప్రమాదం ఇదే, ఎందుకంటే బయటికి అంతా బాగున్నట్టే కనిపిస్తుంది.

కారణం లోపల మిగిలిపోయిన గాలి. గేజ్ ముల్లు ప్రెషర్ మాత్రమే చూపిస్తుంది, ఆ ప్రెషర్ ఆవిరిదా గాలిదా దానికి తెలీదు. గాలి అసలు వదలకుండా (చదరపు అంగుళానికి) 15 పౌండ్లు ఎక్కిస్తే లోపల వేడి 100 డిగ్రీల దగ్గరే ఉండిపోతుంది, సగం గాలి పోతే 112, మొత్తం పోతేనే 121. ఆ 100 డిగ్రీలకి స్పోర్లు (గట్టి పెంకు కట్టుకున్న మొండి క్రిములు) చావవు, వాటికోసమే కదా 1879లో ఫ్రెంచి శాస్త్రవేత్త పాస్టర్ దగ్గర పనిచేసిన చాంబర్లాండ్ ఈ మిషన్ తయారుచేసింది, ఉత్త మరుగు నీళ్లు సరిపోయేటట్టయితే గిన్నెలో వేసి ఉడకబెట్టుకుంటే అయిపోయేది.

ఆ మధ్య గుణుపురం వైపు ఒక నర్సింగ్ హోముకి వెళ్లాను. అక్కడి సిస్టర్ చాలా జాగ్రత్త మనిషి, ప్రతి లోడు టైము రిజిస్టర్లో రాసి పెట్టింది. బిన్ను (గాజ్ కట్టలు పెట్టే చిల్లుల డబ్బా) మీద టేపు గీతలు బొగ్గులా నల్లగా ఉన్నాయి. "ఏటి బాబూ, టేపు మారింది కదా, ఇంకేటి చూస్తావు" అంది. నేను బిన్ను మధ్యలోంచి గాజ్ కట్ట తీసి విప్పాను, అంతకుముందు లోడప్పుడు అందులో పెట్టించిన స్ట్రిప్ మీద రంగు పాస్ గడి దాకా రానేలేదు. బిన్ను పక్కకి తిప్పితే చిల్లుల పట్టీ మూసే ఉంది. అంటే ఆవిరి లోపలికి వెళ్లే దారే లేదు, డబ్బా బయట మాత్రమే కాలింది. అదే గాజ్ గుడ్డ కాన్పు అయిన తల్లి కుట్ల మీద పెట్టేది. ఆమె కాసేపు మాట్లాడలేదు, తర్వాత ఆ రోజు బిన్నులన్నీ వెనక్కి తెప్పించింది.

ఏం చెయ్యాలంటే, మూత బిగించి హీటర్ వేశాక ఆవిరి వాల్వ్ తెరిచే ఉంచండి. మొదట గాలి, ఆవిరి కలిసి తుప్పుతుప్పుమని ఆగి ఆగి వస్తాయి, తర్వాత ఆగకుండా సూటిగా ఒకే ధారలా ఆవిరి వస్తుంది, అలా వచ్చిన తర్వాత ఇంకో 5 నిమిషాలు వదిలి అప్పుడు మూయండి. టైము లెక్క ముల్లు లేచిన దగ్గర్నించి కాదు, 121 చేరిన దగ్గర్నించి, గుడ్డ కట్టలైతే 30 నిమిషాలు. బిన్ను పెట్టేటప్పుడు చిల్లులు తెరవాలి, తీసిన వెంటనే మూసెయ్యాలి. గాలి ఆవిరి కంటే బరువు, కిందికి దిగుతుంది, కాబట్టి గిన్నెలూ కిడ్నీ ట్రేలూ వెల్లకిలా పెడితే గాలి అందులోనే నిలిచిపోతుంది, పక్కకి వాల్చి పెట్టండి. కట్టకీ కట్టకీ మధ్య వేలు దూరేంత సందు ఉండాలి.

టేపు చెప్పేది ఈ కట్ట మిషన్లోకి వెళ్లొచ్చింది అని మాత్రమే. కట్ట నడిమధ్యలో క్లాస్ 5 స్ట్రిప్ (వేడి, టైము, ఆవిరి మూడూ సరిపోతేనే పాస్ చూపించేది) పెట్టండి, వారానికి ఒకసారి స్పోర్ టెస్టు (బతికున్న స్పోర్లు లోపల పెట్టి చచ్చాయో లేదో చూడటం) చెయ్యండి, ఖర్చు అని దీన్ని మానెయ్యకండి. ఫెయిలైతే ఆ లోడు మొత్తం మళ్లీ కట్టి మళ్లీ పెట్టాలి.

పర్లాకిమిడిలో బాగా నడిచిన మిషన్ కోరాపుట్ తీసుకెళ్తే 121 అందుకోవట్లేదు

మిషన్ని తిట్టకండి, ఊరు ఎత్తు మీద ఉంది. కోరాపుట్ సుమారు 870 మీటర్ల ఎత్తు, అక్కడ నీళ్లు 97 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. గేజ్ చూపించేది బయటి గాలి కంటే లోపల ఎంత ఎక్కువుందో అంతే, బయటి గాలే పల్చగా ఉంటే ముల్లు 15 మీద ఉన్నా లోపల 119 చిల్లరే వస్తుంది. ప్రతి 300 మీటర్లకి అర పౌండు చొప్పున కలపండి, కోరాపుట్లో అయితే 16న్నర దాకా పెట్టాలి, అది మీ మిషన్ మీద రాసిన లిమిట్ లోపలే ఉండాలి సుమా. థర్మామీటర్ ఉన్న మిషనైతే దాన్నే నమ్మండి.

కట్టలు తడిగా వస్తున్నాయి

తడి కట్ట స్టెరైల్ కట్ట కాదు, ఎండాక కూడా కాదు. తడి గుడ్డ గుండా బయటి క్రిములు లోపలికి ఎక్కేస్తాయి. ప్రెషర్ సున్నాకి రాగానే ఆత్రంగా తీసెయ్యడం, ఇనుప సామాను పైన పెట్టి గుడ్డలు కింద పెట్టడం, నీళ్లు గీత దాటి పొయ్యడం, ఈ మూడిట్లో ఏదో ఒకటి అయ్యుంటుంది. ముల్లు సున్నాకి వచ్చాక మూత కొంచెం ఎత్తి ఒక 20 నిమిషాలు అలా వదిలెయ్యండి, తీశాక చల్లటి గచ్చు మీదో గ్రానైట్ మీదో పెట్టకండి, అడుగున చెమ్మ పడుతుంది.

ప్రెషరే ఎక్కట్లేదు

మూత చుట్టూ బుస్సుమంటే గాస్కెట్ (మూత కింది రబ్బరు రింగు) పగిలింది, మార్చెయ్యండి, రెక్కల నట్లు ఇంకా బిగిస్తే మూత వంగుతుంది తప్ప లీకు ఆగదు. లీకు లేకపోతే వోల్టేజీ చూడండి, సాయంత్రం పూట లైన్ పడిపోతే హీటర్ సగమే కాలుతుంది. బోరు నీళ్లు పోస్తే హీటర్ మీద సున్నం పేరుకుంటుంది, డిస్టిల్డ్ వాటర్ వాడండి. మధ్యలో కరెంటు పోతే ఎన్ని నిమిషాలు అయిందో లెక్క మర్చిపోయి మొదటి నుంచి మొదలుపెట్టండి.

సేఫ్టీ వాల్వ్ ఊరికే లేస్తోందని దాన్ని తీగతో కట్టేసిన చోటు నేను చూశాను. దయచేసి ఎవరూ చెయ్యకండి, దాని పక్కనే సిస్టర్లు నిలబడి పనిచేస్తారు.

కత్తెరలు, ఫోర్సెప్స్ మీద గోధుమ మచ్చలు

పెన్సిల్ రబ్బరుతో రుద్దండి. మచ్చ పోయి కింద నున్నగా ఉంటే అది నీళ్ల మరక, గుంట కనిపిస్తే తుప్పు పట్టేసినట్టే, ఆ సామాను పక్కన పెట్టాలి. ఇలా అవ్వడానికి ముఖ్య కారణం బ్లీచింగ్ నీళ్లలో రాత్రంతా నానబెట్టడం, సెలైన్లో ఉంచడం. వాడిన వెంటనే మామూలు నీళ్లతో నెత్తురు కడిగేసి, నెత్తురు మురికిని కరిగించే ఎంజైమ్ ద్రావణంలో నానబెట్టి, కీళ్లు తెరిచి బ్రష్ చేసి, తుడిచి ఆరబెట్టి అప్పుడు ఆటోక్లేవ్లో పెట్టండి. నెత్తురు ఎండిపోయిన సామానుకి ఎంత ఆవిరి పెట్టినా దాని కిందకి చేరదు. ఇంకోటి, బ్లీచ్‌లో యాసిడ్ బాత్రూమ్ క్లీనర్ కలపొద్దు, క్లోరిన్ గ్యాస్ వస్తుంది.

కంపు

మిషన్ తెరవగానే మాడిన వాసన వస్తే హీటర్ మీద దారాలూ దూదీ పడి కాలుతున్నాయి, నీళ్లు రోజూ తీసేసి తుడవండి, పాత నీళ్లే వారం రోజులు ఉంచితే మురుగు వాసన కూడా వస్తుంది.

కళ్లు మండే ఘాటు వాసనైతే అది సామాను ఉంచడానికి ఫార్మలిన్ బిళ్లలు వేసిన డబ్బాది. ఆ ఆవిరి క్యాన్సర్ కారకం, పైగా మామూలు గది వేడిలో మూత పెట్టిన డబ్బాలో ఉంచితే స్టెరైల్ అయిందని ఎవరూ గ్యారంటీ ఇవ్వలేరు. యూవీ లైటు డబ్బా కూడా అంతే, వెలుతురు తగిలిన పైభాగం వరకే, నీడ పడ్డ వైపు ఏమీ జరగదు, ఆటోక్లేవ్ చేసిన కట్టలు దాచుకోవడానికైతే సరే. వేడికి పాడయ్యే ప్లాస్టిక్ సామాను ఉంటే ఈటీఓ (ఇథిలిన్ ఆక్సైడ్ గ్యాస్‌తో స్టెరైల్ చేసే మిషన్) ఉన్న పెద్దాసుపత్రికి పంపండి, వాళ్లు గ్యాస్ పూర్తిగా పోయేదాకా ఆరబెట్టి ఇస్తేనే వాడండి.