లాంగ్ రేంజ్‌కి బుల్లెట్ ఎంచుకోవడం, ఇంట్లో రౌండ్లు లోడ్ చేసుకోవడం

అమెరికాలో డీర్ హంటింగ్ మొదలుపెట్టిన మనవాళ్లు, రేంజ్‌లో 600, 1000 గజాల దగ్గర కాల్చడం అలవాటైన మనవాళ్లు ముందుగా అడిగేది "ఏ బుల్లెట్‌కి బీసీ (గాలిని చీల్చుకుపోయే సామర్థ్యం చెప్పే అంకె) ఎక్కువ?" అని. అది తర్వాత చూసుకోవచ్చు. ముందు తేల్చుకోవాల్సింది, ఆ బుల్లెట్ అక్కడికి చేరాక ఏం చెయ్యాలన్నది. కాగితానికి చిల్లు పడితే చాలా, లేక జింక ఊపిరితిత్తుల్లో విచ్చుకుని దాన్ని బాధ పెట్టకుండా క్షణాల్లో పడెయ్యాలా? ఈ రెండు పనులకూ ఒకే బుల్లెట్ వాడదామనుకుంటే ఏదో ఒక దగ్గర రాజీ పడాలి, వేటలో మాత్రం ఆ రాజీ పడకూడదు.

అసలు విషయంలోకి వెళ్లేముందు చట్టం సంగతి. హెచ్1బీ, ఎఫ్1 లాంటి నాన్ ఇమిగ్రెంట్ వీసా మీద ఉన్నవాళ్లు గన్ గానీ తూటాలు గానీ దగ్గర పెట్టుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. మినహాయింపులు ఉన్నాయి, ఏదైనా రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని హంటింగ్ లైసెన్స్ వాటిలో ఒకటి, కానీ ఫ్రెండ్ చెప్పాడని నమ్మి దిగకుండా లాయర్‌ని అడగండి. గ్రీన్ కార్డ్ ఉన్నవాళ్లకు ఈ నిషేధం లేదు. ఇండియాలో వన్యప్రాణి చట్టం కింద సరదా వేటకి అనుమతి లేదు కాబట్టి ఇక్కడ రాసేదంతా అమెరికా సంగతే.

ఉదాహరణకి 6.5 క్రీడ్‌మోర్ అనే రైఫిల్ తూటా తీసుకుందాం. హార్నడీ కంపెనీ 2007లో తెచ్చింది, తన్ను (కాల్చగానే రైఫిల్ వెనక్కి కొట్టడం) తక్కువ, కొత్తవాళ్లకి కూడా చేతికి అలవాటవుతుంది. ఇందులో టార్గెట్‌కి హార్నడీవే 140 గ్రెయిన్ల (గ్రెయిన్ అంటే బుల్లెట్ బరువు కొలత) ఈఎల్‌డీ మ్యాచ్, వేటకి 143 గ్రెయిన్ల ఈఎల్‌డీ ఎక్స్ బాగా నడుస్తాయి. జీ1 అనే కొలమానంలో బీసీ మొదటిదానికి 0.646, రెండోదానికి 0.625. అంటే గాలిని చీల్చుకుపోవడంలో రెండింటికీ పెద్ద తేడా లేదు, తేడా అంతా లోపలి కట్టుబడిలో ఉంది. మ్యాచ్ బుల్లెట్‌ని గురి కుదరడం కోసమే చేస్తారు, జంతువులో అది ఎలా విరుగుతుందో, విచ్చుకుంటుందో ఎవరూ హామీ ఇవ్వరు. సియెరా కంపెనీ తన మ్యాచ్‌కింగ్ బుల్లెట్లను వేటకి వాడమని చెప్పదు. "నేను వాడాను, పడింది" అని ఎంతమంది చెప్పినా సరే, జింక మీద మ్యాచ్ బుల్లెట్ వద్దు.

వేట బుల్లెట్‌కి మీరు చూడాల్సిన అంకె, అది విచ్చుకోవడానికి కావాల్సిన కనీస వేగం. రకాన్ని బట్టి సెకనుకి 1600 అడుగులనో, 1800 అడుగులనో కంపెనీ చెబుతుంది. 143 గ్రెయిన్ల బుల్లెట్ గొట్టం దగ్గర 2700 అడుగులతో బయల్దేరితే 500 గజాల దగ్గర దాదాపు 2000కి వస్తుంది. బాలిస్టిక్ యాప్‌లో మీ రైఫిల్ వేగం, మీరు వేటాడే చోటి ఎత్తు, ఉష్ణోగ్రత పెట్టి, ఆ కనీస వేగం ఎన్ని గజాల దగ్గర వస్తుందో చూడండి. అదే ఆ బుల్లెట్ హద్దు. మీ హద్దు అంతకంటే దగ్గర్లోనే ఉంటుంది, ఎందుకంటే జింక ప్రాణస్థానం ఎనిమిది, పది అంగుళాలే, 1000 గజాల దగ్గర గంటకి పది మైళ్ల అడ్డగాలికి ఈ బుల్లెట్ ఇంచుమించు ఆరడుగులు పక్కకి పోతుంది. బెంచ్ మీద కాదు, పొదల మధ్య, ఊపిరి ఎగబీలుస్తూ పది అంగుళాల ప్లేటుని మొదటి గుండుకే ప్రతిసారీ కొట్టగలిగే దూరం ఎంతో అంతవరకే కాల్చండి.

కాలిఫోర్నియాలో ఉంటే ఇంకో చిక్కు. కాండర్ రాబందులు సీసం తిని చచ్చిపోతున్నాయని 2019 జులై 1 నుంచి అక్కడ వేటలో సీసం బుల్లెట్లు పూర్తిగా నిషేధించారు, సీసం లేనివే, అంటే ఎక్కువగా రాగి బుల్లెట్లే, వాడాలి. రాగి సీసం కన్నా తేలిక కాబట్టి అంతే బరువుకి బుల్లెట్ పొడుగవుతుంది, పొడుగు బుల్లెట్ స్థిరంగా ఎగరాలంటే బ్యారెల్ మెలి (లోపలి గీతలు తిరిగే చుట్టు) వేగంగా ఉండాలి. క్రీడ్‌మోర్‌కి మామూలుగా ఎనిమిది అంగుళాలకి ఒక చుట్టు ఉంటుంది, పాత రైఫిల్ అయితే మాత్రం బుల్లెట్లు కొనేముందు వాటి పెట్టె మీద రాసిన మెలి చూసుకోండి.

ఇక లోడింగ్, అంటే ఇత్తడి కేసులో ప్రైమర్ (పౌడర్‌ని అంటించే చిన్న మూత), పౌడర్, బుల్లెట్ పెట్టి రౌండ్ (పూర్తి తూటా) తయారుచేసుకోవడం. దీని లాభం డబ్బు ఆదా కంటే ప్రతి రౌండ్ ఒకేలా ఉండటం. రెండు రౌండ్ల వేగంలో 50 అడుగుల తేడా ఉంటే 1000 గజాల దగ్గర పైకీ కిందకీ అడుగు పైనే పోతుంది, ఎఫ్ క్లాస్ (లాంగ్ రేంజ్ పోటీ) టార్గెట్‌లో పది పాయింట్ల వలయమే పది అంగుళాలు. 300 గజాల్లోపు వేటకైతే మంచి ఫ్యాక్టరీ రౌండ్లు చాలు, దీనికోసం ప్రెస్ (లోడ్ చేసే యంత్రం) కొనక్కర్లేదు.

మొదలుపెట్టేవాళ్లు కొత్త ముద్రణ లోడింగ్ మాన్యువల్ ఒకటి కొని, మీ బుల్లెట్‌కి, మీ పౌడర్‌కి అందులో ఇచ్చిన కనీస మోతాదుతోనే మొదలుపెట్టండి. యూట్యూబ్‌లో, గ్రూపుల్లో ఎవరో చెప్పిన మోతాదు వాళ్ల రైఫిల్‌ది, మీది కాదు. పేర్ల విషయంలో మరీ జాగ్రత్త: హాడ్జ్‌డన్ 4350, ఐఎంఆర్ 4350, అక్యురేట్ 4350 మూడూ వేరువేరు పౌడర్లు, ఒకదాని మోతాదు ఇంకోదానికి పనికిరాదు. అందుకే బెంచ్ మీద ఎప్పుడూ ఒకే డబ్బా ఉండాలి, పని అయ్యాక మిగిలిన పౌడర్ దాని డబ్బాలోకే వెళ్లాలి. ప్రైమర్లు, పౌడర్ నీళ్ల హీటర్‌కి, పిల్లలకి దూరంగా.

కాల్చిన ఇత్తడి కేసుల్ని శుభ్రం చేసి, పగుళ్లు చూసి, డైలో (అచ్చులో) నొక్కి మళ్లీ సరైన కొలతకి తెస్తారు. బోల్ట్ రైఫిల్‌కి కేసు భుజాన్ని (మెడ కింద వాలుగా ఉండే భాగాన్ని) అంగుళంలో వెయ్యింట రెండు వంతులు వెనక్కి నెడితే చాలు, ఎక్కువ నెడితే కేసు తొందరగా చిరుగుతుంది. క్రీడ్‌మోర్ కేసు పొడవు 1.920 అంగుళాలు దాటితే కత్తిరించాలి. పౌడర్ పోశాక కేసులన్నీ బ్లాకులో నిలబెట్టి టార్చ్ వేసి ఒక్కొక్కటీ చూడండి, మట్టం ఎక్కడైనా తేడాగా ఉంటే ఒలికించి మళ్లీ తూచండి. ఈ రెండు నిమిషాల పని ఎప్పుడూ మానొద్దు. టీవీ చూస్తూ, ఫోన్ మాట్లాడుతూ లోడ్ చెయ్యకండి.

బుల్లెట్‌ని ఎంత లోతుగా దిగ్గొట్టాలన్నదానికి కొలత ముక్కు చివర నుంచి తీసుకోకండి, కొనలు ఒకేలా ఉండవు. వంపు మొదలయ్యే చోటుకి కంపారేటర్ (ఆ చోటు నుంచి పొడవు చూపే కొలత సాధనం) పెట్టి కొలవండి. బుల్లెట్ రైఫ్లింగ్‌కి, అంటే బ్యారెల్ లోపలి గీతలకి, తగిలేలా బయటికి పెడితే ప్రెషర్ పెరుగుతుంది. వేట రౌండ్ అయితే మ్యాగజైన్‌లో పట్టాలి, అన్‌లోడ్ చేసేటప్పుడు బుల్లెట్ బ్యారెల్‌లో ఇరుక్కుని పౌడరంతా యాక్షన్‌లో (బోల్ట్ కదిలే భాగంలో) ఒలికే పరిస్థితి రాకూడదు, కాబట్టి కాస్త లోపలికే ఉంచండి.

మోతాదు కొద్దికొద్దిగా పెంచుతూ, బుల్లెట్ వేగం కొలిచే క్రోనోగ్రాఫ్ పెట్టుకుని కాల్చండి. బోల్ట్ బిగుసుకున్నా, ప్రైమర్ చదునైపోయినా, కేసు అడుగున మెరిసే గుర్తు పడినా అక్కడితో ఆపి వెనక్కి రండి, మాన్యువల్‌లోని గరిష్ఠం ఇంకా రాకపోయినా సరే. వేగం అదాటున ఎక్కువ కనిపిస్తే సంతోషించకండి, అది కూడా ప్రెషరే. టెక్సస్‌లో నవంబర్ చలిలో తయారుచేసిన గరిష్ఠ లోడ్ ఆగస్టు ఎండలో అదే ప్రెషర్‌లో ఉండదు.

వేరేవాళ్లు లోడ్ చేసిన రౌండ్లు, ఎంత దగ్గరివాళ్లవైనా, మీ రైఫిల్‌లో పెట్టకండి, మీవి వాళ్లకి ఇవ్వకండి. సొంతానికి లోడ్ చేసుకోవడానికి ఫెడరల్ లైసెన్స్ అక్కర్లేదు, అమ్మే వ్యాపారానికి మాత్రం కావాలి.