లేతు పని నేర్చుకుందాం – 6: చక్‌కి ఏ గ్రీజు?

పోయిన పాఠంలో చక్ (లేతులో కోసే ముక్కని పట్టి తిప్పే భాగం) విప్పి, జాలను (ముక్కని బిగించే దవడలను) నంబర్ల వరుసలో పెట్టి, కిరసనాయిలుతో కడిగి ఆరబెట్టాం. ఇక గ్రీజు. మన షెడ్లలో దీనికి ఒకటే పద్ధతి: ట్రాక్టర్‌కి పెట్టగా మిగిలిన డబ్బా ఎక్కడుందో వెతకడం.

నేనూ అదే చేశాను. భీమవరం దగ్గర ఒక షెడ్డులో పని నేర్చుకునే రోజులు. రొయ్యల చెరువు ఏరేటర్ షాఫ్ట్ ఒకటి చక్‌లో పెట్టి, కీ మీద ఒంటి బరువంతా వేసి బిగించాను. రెండో కోతకే షాఫ్ట్ జాల మధ్య జారిపోయింది. దాని మీద మూడు మెరిసే గీతలు పడ్డాయి. మా మేస్త్రి తిట్టలేదు. ఒక జా బయటికి లాగి చూపించారు. దాని వెనక పళ్ల మీద గ్రీజు పొర లేదు, అంతా పక్కలకి తోసుకుపోయి గట్టులా పేరుకుంది.

బేరింగ్‌లో బంతులు వేగంగా తిరుగుతాయి కాబట్టి నూనె వాటి కిందకి దూరి పొరగా నిలుస్తుంది. చక్‌లో ఆ వేగం లేదు. జా కదిలేదే నాలుగు మిల్లీమీటర్లు, అదీ మెల్లగా, విపరీతమైన ఒత్తిడి కింద. నూనె నలిగి పక్కకి పోతుంది, ఇనుము ఇనుమునే రాసుకుంటుంది. మీరు కీ మీద పెట్టిన బలంలో చాలా భాగం ఆ రాపిడికే పోతుంది. గ్రీజు సరిగా లేని చక్‌లో పట్టు సగానికి కూడా పడిపోవచ్చు. చేతికి మాత్రం గట్టిగా బిగిసినట్టే ఉంటుంది, మోసం అక్కడే.

అందుకే నూనె పోయినా మిగిలే పొడి ఒకటి గ్రీజులో ఉండాలి. మామూలుగా వాడేది మాలిబ్డినం డైసల్ఫైడ్, షాపులో మోలీ గ్రీజు అంటే ఇస్తారు. దాని రేణువులు పేక ముక్కల్లా పొరలు పొరలుగా జారతాయి. పాతకాలం ఎడ్లబండి ఇరుసుకి ఆముదంలో గడ్డి మసి కలిపి కందెన పెట్టేవారు, ఇంచుమించు అదే తెలివి. నల్లగా ఉన్నదల్లా మోలీ కాదు, డబ్బా మీద చదవండి.

చిక్కదనం 2వ గ్రేడు చాలు. అంటే 25 డిగ్రీల దగ్గర పరీక్ష శంకువు 5 సెకన్లలో 26.5 నుంచి 29.5 మిల్లీమీటర్లు దిగేంత మెత్తదనం. ఇంకా పలచనైతే చక్ తిరిగే వేగానికి బయటికి చిమ్ముతుంది. కూలెంట్ (కోసేటప్పుడు చల్లబరచడానికి పోసే ద్రవం) కడిగేయకుండా ఉండటం అంతకంటే ముఖ్యం. సోడియం సబ్బుతో చేసిన గ్రీజు నీళ్లకి కరిగిపోతుంది, దాని జోలికి వద్దు. కాల్షియం సల్ఫొనేట్ రకం బాగా నిలుస్తుంది.

హైడ్రాలిక్ చక్ (నూనె ఒత్తిడితో బిగిసేది) అయితే నిపుల్స్‌లో, అంటే గ్రీజు ఎక్కించే మూతుల్లో, గన్‌తో గ్రీజు కొట్టి, జాబ్ (కోసే ముక్క) లేకుండా జాలను నాలుగైదుసార్లు తెరిచి మూయండి. చేతి చక్ స్క్రోల్‌కి (జాలను కదిలించే చుట్టల గాడి పళ్లేనికి) మాత్రం వేలితో పలచగా రాస్తే చాలు. రైసు మిల్లు పుల్లీల్లాంటి పోత ఇనుము కోసేచోట ఎక్కువ పూశారో, రజను కలిసి వాల్వు గ్రైండింగ్ పేస్టే. పాత గ్రీజు పూర్తిగా తుడవకుండా కొత్త రకం కలపకండి, రెండూ పడక నీరుగారిపోవచ్చు.

ఈ వారం పని: మీ దగ్గరున్న గ్రీజులని వేర్వేరు ఇనప ముక్కలకి రాసి, రాత్రంతా కూలెంట్‌లో ముంచి ఉంచండి. పొద్దున్నే తీసి వేలితో తడిమి, ఏది నిలిచిందో రాసుకోండి. వచ్చే పాఠంలో ఆ చక్‌నే బిగించి డయల్‌తో (వంకర కొలిచే ముల్లు గేజీతో) వంకర చూద్దాం.