సరళీ స్వరాలకు ముందు శ్రుతి

కర్ణాటక సంగీతంలో తొలి పాఠాలైన సరళీ స్వరాలకు ముందు శ్రుతి, అంటే మీ గొంతుకు సరిపడే ఆధార స్వరం, కుదుర్చుకోండి. మగవాళ్లకు ఒకటో శ్రుతి (C), ఆడవాళ్లకు అయిదో శ్రుతి (G) దగ్గర మొదలుపెట్టి చూడొచ్చు. తారషడ్జం (పై స్థాయి "స") అరవకుండా, మంద్ర పంచమం (కింది స్థాయి "ప") గొంతు పూడకుండా పలికితే అదే మీ శ్రుతి.

తంబూరా పెట్టుకుని 5 నిమిషాలు "సా" ఒక్కటే పట్టి, నోరు బాగా తెరిచి ఆకారంలో నిలపండి. సరిగ్గా కలిసినప్పుడు మీ గొంతు మీకే విడిగా వినిపించదు. పాటలోని సుఖమంతా అక్కడే ఉంది, చాలామంది అది రుచి చూడకుండానే కీర్తనలకు పరిగెడతారు.

తర్వాత మాయామాళవగౌళ రాగంలో సరళీ స్వరాల మొదటి వరస, ఆదితాళంలో, మూడు కాలాల్లో, అంటే మూడు వేగాల్లో. తప్పు ఎక్కువగా రిషభం ("రి") లోనే. శుద్ధ రిషభం షడ్జాన్ని అంటుకుని ఉంటుంది, గాంధారం ("గ") దూరం. దాన్ని అందుకునే తొందరలో "రి" పైకి జారుతుంది. "స రి స" 10 సార్లు మెల్లగా పాడితే కుదురుకుంటుంది. మూడో కాలంలో స్వరాలు ముద్దయిపోతుంటే రెండోదానికి దిగండి. గొంతు గీరుకుంటే ఆ పూటకి ఆపేయండి.